వైన్ షాపును ప్రభుత్వమే నడిపితే ఊళ్లో బెల్ట్ షాపులు పోతాయా?

మిర్యాలగూడ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల ఊళ్లో బెల్ట్ షాపులతో, అంటే లైసెన్స్ లేకుండా మద్యం అమ్మే కొట్లతో, ఆడవాళ్లు విసిగిపోయారు. వాళ్ల అమ్మ ఉన్న మహిళా సంఘం "వైన్ షాపులు ప్రైవేటు వాళ్లకు ఇవ్వొద్దు, ప్రభుత్వమే నడపాలి" అని కలెక్టర్‌కు అర్జీ పెట్టాలనుకుంటోంది. ప్రభుత్వం నడిపే షాపులకు రూల్స్ ఎలా ఉంటాయి, ఆ అర్జీ వల్ల తమ సమస్య తీరుతుందా అని అడిగాడు.

నేను ఎక్సైజ్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నల్గొండ వైపు, మహబూబ్‌నగర్ వైపు రెండు చోట్లా చేశాను. ముందు సూటిగా జవాబు చెబుతాను, తర్వాత వివరంగా మాట్లాడుకుందాం.

తెలంగాణలో ప్రభుత్వం నడిపే వైన్ షాపులు లేవు. వాటిని పెట్టే అధికారం కలెక్టర్‌కు లేదు. ఒకవేళ రేపు ప్రభుత్వమే నడిపినా, అంత మాత్రాన మీ ఊళ్లో బెల్ట్ షాపు పోదు. బెల్ట్ షాపును మూయించడానికి కావలసిన రూల్స్ ఇప్పుడే ఉన్నాయి. మీ అర్జీ వాటి మీద పెడితే పని జరుగుతుంది.

మన దగ్గర ఏది ఎవరి చేతిలో ఉందో ముందు తెలుసుకోండి, చాలామంది ఇక్కడే తికమక పడతారు. హోల్‌సేల్ మొత్తం ప్రభుత్వానిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో బేవరేజెస్ కార్పొరేషన్ పెట్టారు, ఇప్పుడు తెలంగాణకు దాని సొంత కార్పొరేషన్ ఉంది. కంపెనీల దగ్గర సరుకు కొనేది, డిపోల్లో నిల్వ చేసేది, షాపులకు ఇచ్చేది అదే. మీకు నల్గొండ డిపో, పాలమూరు వాళ్లకు తిమ్మాజీపేట డిపో అలాంటివే. రిటైల్ మాత్రం ప్రైవేటుది. దాన్నే ఏ4 షాపు అంటారు. రాష్ట్రంలో ఇవి 2,620 ఉన్నాయి. లాటరీ తీసి రెండేళ్లకు లైసెన్స్ ఇస్తారు. ఇప్పుడు నడుస్తున్న లైసెన్సులు 2025 డిసెంబర్ 1న మొదలయ్యాయి, 2027 నవంబర్ 30 దాకా ఉంటాయి. కాబట్టి ప్రభుత్వం మనసు మార్చుకున్నా, మామూలుగా అయితే ఆ గడువు తీరాకే మార్పు వస్తుంది. దానికి కూడా కేబినెట్ నిర్ణయం, చట్ట సవరణ కావాలి.

ప్రభుత్వం తానే మద్యం అమ్మడం చట్టప్రకారం తప్పు కాదు. మద్యం వ్యాపారం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని, రాష్ట్రం కావాలంటే ఆ వ్యాపారాన్ని పూర్తిగా తన చేతిలోకి తీసుకోవచ్చని ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తమిళనాడు 2003 నవంబర్‌లో రిటైల్ మొత్తం తన సొంత సంస్థ టాస్మాక్‌కు అప్పగించింది. కేరళలో బేవరేజెస్ కార్పొరేషన్, కన్స్యూమర్‌ఫెడ్ నడుపుతాయి. కర్ణాటకలో ప్రైవేటు షాపులతో పాటు ఎంఎస్ఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ షాపులూ ఉంటాయి. నారాయణపేట, మక్తల్ వైపు వాళ్లు రాయచూర్ వెళ్లినప్పుడు ఆ బోర్డు చూసే ఉంటారు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ మాత్రం కృష్ణా అవతల ఉన్నదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 1 నుంచి 2024 అక్టోబర్ దాకా, అంటే ఐదేళ్లు, ప్రభుత్వమే షాపులు నడిపింది. మీరు అడిగిన రూల్స్ ఎలా ఉంటాయో అక్కడే చూడొచ్చు.

ముందుగా చట్టం మార్చి రిటైల్ హక్కు కార్పొరేషన్‌కు ఇచ్చారు. 4,380 షాపులను 3,500కు తగ్గించారు, 2020లో ఇంకా తగ్గించి 2,934 చేశారు. అద్దెకు గది తీసుకునేది కార్పొరేషనే. ప్రతి షాపుకు ఒక సూపర్వైజరు, ఇద్దరో ముగ్గురో సేల్స్‌మెన్. సూపర్వైజరుకు డిగ్రీ, సేల్స్‌మెన్‌కు ఇంటర్ ఉండాలి. అందరూ ఔట్‌సోర్సింగ్. మొదట్లో సూపర్వైజరుకు నెలకు 17,500, సేల్స్‌మన్‌కు 15,000 జీతం. షాపు టైం మొదట్లో ఉదయం 11 నుంచి రాత్రి 8 దాకా. పర్మిట్ రూమ్ ఎత్తేశారు, షాపు దగ్గర కూర్చుని తాగడానికి లేదు. మనిషికి మూడు సీసాలకు మించి ఇవ్వకూడదు. ఏ రోజు డబ్బు ఆ రోజు లెక్కకట్టి బ్యాంకులో వేయాలి.

మా మేనల్లుడు పల్నాడు వైపు అలాంటి షాపులో సూపర్వైజరుగా చేశాడు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా రాత్రి భోజనానికి ఆలస్యంగా వచ్చేవాడు. షట్టర్ దించాక అసలు పని మొదలయ్యేదట. ఒక్కో బ్రాండు, అందులో క్వార్టర్లు ఎన్ని, హాఫ్‌లు ఎన్ని, ఫుల్లులు ఎన్ని అని ర్యాక్ మీద ఉన్నవి చేత్తో లెక్కపెట్టి రిజిస్టర్‌తో సరిచూడాలి. తర్వాత నగదు. చాలాకాలం ఫోన్‌పే, కార్డు తీసుకోలేదు కాబట్టి అన్నీ నోట్లే. ఒక్క క్వార్టర్ తేడా వచ్చినా మళ్లీ మొదటి నుంచి. ఆదివారం, పండగ కలిసొస్తే బ్యాంకు ఉండదు, డబ్బంతా షాపులోనే ఉంచాలి. ఆ రెండు రాత్రులూ అతనికి నిద్రపట్టేది కాదు. తేడా వస్తే తన జీతంలోంచే కట్టాలి. డబ్బు వాడుకుని పట్టుబడ్డ సూపర్వైజర్లు కొన్నిచోట్ల ఉన్నారు, ఆ వార్తలు అప్పట్లో పేపర్లలో వచ్చేవి.

అతను చెప్పినదాంట్లో మీ ప్రశ్నకు పనికొచ్చే మాట ఒకటుంది. "గిరాకీ పెరిగినా నా జీతం అంతే మామా, తగ్గితే నాకే హాయి." ప్రభుత్వ షాపు వల్ల వచ్చే అసలైన మేలు ఇదే. అమ్మేవాడికి ఇంకో నాలుగు కేసులు (సీసాల పెట్టెలు) ఎక్కువ అమ్మాలన్న ఆరాటం ఉండదు. ఆటోలో కేసులు ఎక్కించి ఊళ్లకు పంపాలన్న ఆలోచన అతనికి రాదు.

ప్రైవేటు లైసెన్సీకి ఆ ఆలోచన ఎందుకు వస్తుందో లెక్క చూడండి. ఈసారి దరఖాస్తు ఫీజు 3 లక్షలు. లాటరీ తగలకపోయినా తిరిగి రాదు. ఒక షాపు కోసం సిండికేట్ వాళ్లు నలుగురి పేర్ల మీద పది పదిహేను దరఖాస్తులు వేస్తారు. తగిలాక, 5,000 లోపు జనాభా ఉన్నచోట ఏడాదికి 50 లక్షలు, 50,000 లోపు ఉంటే 55 లక్షలు ఎక్సైజ్ పన్ను కట్టాలి. ఆపైన బ్యాంకు గ్యారంటీ, గది అద్దె, పనివాళ్ల జీతాలు. షాపు తెరిచిన మొదటి రోజే అతని నెత్తిమీద అంత బరువు ఉంటుంది. మండల కేంద్రంలో కౌంటర్ మీద అమ్మితే అది తీరదు. అందుకే చుట్టూ ఉన్న ఊళ్లలో కిరాణా కొట్లకు, పాన్ డబ్బాలకు, కొన్నిచోట్ల ఇళ్లకే సరుకు వేస్తారు. వాళ్లు క్వార్టర్ మీద ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ తీసుకుంటారు.

ఆ ఇరవై రూపాయల కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. వైన్ షాపులో అప్పు దొరకదు, బెల్ట్ షాపులో దొరుకుతుంది. చేతిలో డబ్బు లేనిరోజు కూడా మనిషి తాగుతాడు. నోట్‌బుక్‌లో రాసుకుని, వరి కోతలప్పుడో పత్తి డబ్బులు వచ్చినప్పుడో ఒకేసారి వసూలు చేస్తారు. ఇంటికి రావలసిన పంట డబ్బు గడప దాటి లోపలికే రాదు. దామరచర్ల వైపు, అచ్చంపేట వైపు ఇలాంటి నోట్‌బుక్కులు నేను పట్టుకున్నాను. వాటిలో పేర్లు చూస్తే సగం మంది కూలీలే. పైగా పొద్దున ఐదింటికే తలుపు తడితే ఇస్తారు. వైన్ షాపుకు మన జిల్లాల్లో ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకానే టైం, బెల్ట్ షాపుకు టైమే లేదు. మీ అమ్మ వాళ్ల సంఘం బాధ నాకు పూర్తిగా అర్థమవుతుంది.

మరి ఆంధ్రలో ప్రభుత్వ షాపులు వచ్చాక బెల్ట్ షాపులు పోయాయా? 43 వేల బెల్ట్ షాపులు తీసేశామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. షాపు నుంచే ఊళ్లకు కేసులు వెళ్లడం చాలావరకు ఆగిందన్నది నేను కూడా ఒప్పుకుంటాను. కానీ మూడు సీసాల రూల్‌ను దాటడం కష్టం కాలేదు. బెల్ట్ షాపు నడిపేవాడు నలుగురు కూలీలను వరుసలో నిలబెడితే పన్నెండు సీసాలు వస్తాయి. సేల్స్‌మన్‌కు ఆ మొహాలు తెలుసు, అయినా ఊళ్లో గొడవ ఎందుకని ఇచ్చేస్తాడు. ఇక ధరలు. 2020 మే నెలలో అక్కడ రెండు విడతల్లో 75 శాతం పెంచారు. అడిగిన బ్రాండు ఉండదు, పేరు వినని బ్రాండ్లు ర్యాకుల్లో ఉంటాయి. దాంతో జనం నది దాటి మన వైపు వచ్చారు. వాడపల్లి వంతెన మీదుగా పొందుగలకు, కోదాడ నుంచి గరికపాడు మీదుగా జగ్గయ్యపేటకు, అలంపూర్ నుంచి పంచలింగాల మీదుగా కర్నూలుకు మన సరుకు ఎంత వెళ్లిందో ఆ చెక్‌పోస్టుల దగ్గర డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు. బైకు ట్యాంకు కవర్లలో, కూరగాయల బుట్టల కింద, చివరకు సిమెంట్ లారీల్లో కూడా పట్టుబడింది. ఇటువైపు సరిహద్దు షాపులకు అవి మంచి రోజులు. నాటుసారా కూడా మళ్లీ పెరిగింది.

చివరకు 2024 అక్టోబర్ 16 నుంచి అక్కడ కూడా 3,396 షాపులు లాటరీలో ప్రైవేటుకు ఇచ్చారు. ప్రభుత్వ షాపుల కాలంలో జరిగిన మద్యం కొనుగోళ్ల మీద సిట్ దర్యాప్తు వేశారు. షాపుల్లో పనిచేసిన పిల్లల ఉద్యోగాలు పోయాయి, మా మేనల్లుడిది కూడా. మంచి పిల్లవాడు, ఏ రోజూ లెక్క తప్పలేదు. ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

తమిళనాడులో ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వమే నడుపుతోంది కదా అని అడగొచ్చు. నడుపుతోంది. కానీ సీసాకు పది రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నారన్న ఫిర్యాదు అక్కడ ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. అక్కడ నాకు నచ్చిన పని ఒకటుంది. మద్రాసు హైకోర్టు చెప్పాక 2022లో నీలగిరి జిల్లాలో ఖాళీ సీసా తిరిగి ఇస్తే పది రూపాయలు వెనక్కిచ్చే పద్ధతి పెట్టారు. మన పొలాల గట్ల మీద పగిలిన సీసాలు తొక్కి కాళ్లు కోసుకునే కూలీల కోసం ఇక్కడ కూడా అది రావాలి. షాపు ప్రైవేటుదైనా పెట్టొచ్చు.

సరే, మీ అర్జీ సంగతికి వద్దాం. ఇప్పుడు మన దగ్గర ఉన్న రూల్స్ ప్రకారం ఏ4 లైసెన్సీ తన షాపు గదిలోనే అమ్మాలి. తిరిగి అమ్ముకునేవాడికి సరుకు వేయకూడదు. ఎమ్మార్పీకి మించి తీసుకోకూడదు. 21 ఏళ్లలోపు వాళ్లకు ఇవ్వకూడదు. షాపులో పనిచేసే ప్రతి మనిషికీ ఎక్సైజ్ ఆఫీసు నుంచి నౌకర్‌నామా (అక్కడ పనిచేయడానికి అనుమతి పత్రం) ఉండాలి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 మూసి ఉంచాలి, పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలూ అంతే. రూల్ తప్పితే ఎక్సైజ్ చట్టం 31వ సెక్షన్ కింద లైసెన్స్ సస్పెండ్ చేయొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. లైసెన్స్ లేకుండా అమ్మే బెల్ట్ షాపు వాడి మీద 34వ సెక్షన్ కింద కేసు.

రూల్ ఉన్నా బెల్ట్ షాపు ఎందుకు ఆగదంటే, కేసు బెల్ట్ షాపు వాడి దగ్గరే ఆగిపోతుంది. పదో ఇరవయ్యో సీసాలు పట్టుకుంటారు, అతను జరిమానా కడతాడు, మర్నాటికి మళ్లీ సరుకు వస్తుంది. సరుకు వేసినవాడి పేరు ఎక్కడా రాదు. అది రావాలంటే దారి ఉంది. సీసా మూత మీద హోలోగ్రాం లేబుల్ ఉంటుంది, దాని మీద నంబరు ఉంటుంది. ఏ డిపో నుంచి, ఏ షాపుకు ఆ సీసా వెళ్లిందో ఆ నంబరుతో తెలుస్తుంది.

ఒకసారి మేం ఒక కిరాణా కొట్టులో బియ్యం బస్తాల వెనకాల క్వార్టర్లు పట్టుకున్నాం. పంచనామాలో "180 ఎంఎల్ సీసాలు" అని సంఖ్య రాసి సంతకాలు పెట్టించబోతుంటే, పంచుగా (సాక్షిగా) వచ్చిన ఒక పెద్దమ్మ, సంఘం లీడరు, "ఈ మూత మీది నంబర్లు రాయరా సార్?" అని అడిగింది. ఆమె అడిగిందని ప్రతి సీసా దీపం దగ్గర పెట్టి నంబర్లు చదివి రాయించాం, గంటన్నర పట్టింది. ఆ నంబర్లన్నీ ఒకే షాపువని తేలింది. కొట్టు యజమానితో పాటు లైసెన్సీ కూడా కేసులోకి వచ్చాడు. ఆ తర్వాత నేను అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ ఊరికి ఆ ఆటో రాలేదు. లేబుల్ నంబర్లు లేని పంచనామాతో ఈ పని జరగదు.

కాబట్టి అర్జీలో "ప్రభుత్వమే నడపాలి" అన్న మాట ఉంటే ఉండనివ్వండి, అది మీ అభిప్రాయం, చెప్పుకునే హక్కు మీకుంది. కానీ దాని కంటే ముందు ఇవి రాయండి:

ఊళ్లో ఎక్కడెక్కడ అమ్ముతున్నారో, ఏ టైంలో అమ్ముతున్నారో రాయండి. "ఊరంతా అమ్ముతున్నారు" అంటే ఆఫీసులో ఆ కాగితం ఫైల్లోకి వెళ్లి కూర్చుంటుంది. ఫలానా గుడి వెనక కొట్టు, పొద్దున ఐదు నుంచి అని రాస్తే ఎవరో ఒకరు కదలాలి.

పట్టుకున్న ప్రతి కేసులో సీసాల లేబుల్ నంబర్లు పంచనామాలో రాయాలని, సరుకు ఏ షాపుదో తేల్చి ఆ లైసెన్సీ మీద కూడా చర్య తీసుకోవాలని అడగండి. మీ అర్జీలో ఉండాల్సిన ముఖ్యమైన వాక్యం ఇదే.

అమ్మేవాళ్లను తహసీల్దార్ దగ్గర బైండోవర్ చేయాలని, అంటే మళ్లీ అమ్మమని వాళ్లతో బాండు రాయించాలని అడగండి. మళ్లీ అమ్మితే బాండు సొమ్ము కట్టాల్సి వస్తుంది కాబట్టి చిన్న జరిమానా కంటే దీనికి భయపడతారు.

అర్జీ సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక కాపీ జిల్లా ఎక్సైజ్ అధికారికి, ఒకటి మీ ఎక్సైజ్ స్టేషన్‌కు. దాంతో పాటే సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు వేయండి, జిల్లా ఆఫీసుకైతే ఫీజు పది రూపాయలే. మీ మండలంలోని షాపులు గత ఏడాది నెలనెలా డిపో నుంచి ఎన్ని కేసుల సరుకు ఎత్తాయి, మీ గ్రామంలో 34వ సెక్షన్ కింద ఎన్ని కేసులు పెట్టారు, వాటిలో ఎన్నింటిలో లైసెన్సీని చేర్చారు అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అరవై ఇళ్లున్న తండా పక్కన షాపు వేల కేసుల సరుకు ఎత్తితే అది ఎటు పోయిందో ఆ కాగితమే అడుగుతుంది.

గ్రామ పంచాయతీ తీర్మానం కూడా చేయించండి. మైదాన ప్రాంతంలో ఎక్సైజ్ శాఖ దానికి కట్టుబడి ఉండాలని చట్టంలో లేదు, కానీ అధికారి ముందు పెట్టినప్పుడు బరువు ఉంటుంది. అమ్రాబాద్ లాంటి ఏజెన్సీ మండలాల వాళ్ల సంగతి వేరు. అక్కడ 1996 పెసా చట్టం కింద మద్యం అమ్మకాన్ని ఆపే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉంది, వాళ్లు దాన్ని వాడుకోవాలి.

ఒక జాగ్రత్త. ఆడవాళ్లు కొట్టులోకి చొరబడి సీసాలు పగలగొట్టొద్దు. కోపం న్యాయమైనదే, కానీ సీసా పగిలితే లేబుల్ పోతుంది, సాక్ష్యం పోతుంది, పైగా కేసు మీ వాళ్ల మీదకే వస్తుంది. సరుకు కనిపిస్తే ఫొటో తీయండి, మూత మీది నంబరు కనిపించేలా దగ్గరగా తీయండి, వెంటనే స్టేషన్‌కు ఫోన్ చేసి వాళ్లు వచ్చేదాకా అక్కడే ఉండండి. ఇంకో మాట, బెల్ట్ షాపు మూసిన మొదటి నెల గుడుంబా మీద కన్నేసి ఉంచండి. బెల్లం, పటిక ఎవరైనా ఒక్కసారిగా ఎక్కువ కొంటున్నారేమో కిరాణా వాళ్లను అడిగితే తెలుస్తుంది.

తమ్మీ, అర్జీ రాశాక ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేసి ఇక్కడ పెట్టు. ఏ సెక్షన్ ఎక్కడ రాయాలో చూసి సరిచేసి ఇస్తాను.